త్రాడును చూచి దడిసిన మనస్సు

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠం చెప్పి పొట్ట పోసుకుంటున్నదాన్ని. నోరే నాకు నాగలి. అటువంటిది 2022 ఆగస్టులో ఒకనాటి మధ్యాహ్నం, రెండో అంతస్తు గదిలో డిగ్రీ పిల్లలకు భారతం చెబుతూ చెబుతూ పద్యం సగంలో ఆగిపోయాను. గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్లు వినిపించింది. నాలుక పిడచకట్టుకుపోయింది. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. గోడలు నామీదికి జరుగుతున్నట్లు తోచింది. "ఇదుగో, పోతున్నాను" అనుకున్నాను. బల్ల అంచు పట్టుకుని ఎంతసేపు అలా నిలబడ్డానో నాకు తెలియదు. ముందు బెంచీవాళ్ళు మాత్రం, మేడమ్ పద్యంలోని రసాన్ని ఆస్వాదిస్తున్నారనుకుని మర్యాదగా ఊరుకున్నారట!

ఆ సాయంత్రమే మావారు ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. ఇ.సి.జి. తీశారు. రక్తపరీక్షలు చేశారు. "గుండె నిక్షేపంలా ఉందమ్మా, కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నారు డాక్టరుగారు. సంతోషించవలసిన మాటే. కాని వారం తిరక్కుండా, అర్ధరాత్రివేళ అదే బాధ మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆస్పత్రి, ఈసారి వేరొకటి. మూడోమాటు ఇంకొకటి. ప్రతిచోటా గుండె బాగానే ఉన్నదన్నారు. ప్రతిచోటా బిల్లు వేశారు. "మరి ఇదేమిటండీ?" అన్న నా ప్రశ్నకు మాత్రం ఎక్కడా జవాబు దొరకలేదు.

జవాబులకు ఇంటిదగ్గర కొదవేముంది? అత్తయ్యగారు దిష్టి అన్నారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. ప్రక్కింటి పిన్నిగారు గ్యాసు అన్నారు. వాము నీళ్ళు కాచి పంపించారు. మా కాలేజీలో ఒక పెద్దాయన ఏలినాటి శని అన్నారు. మావారు "ఊరికే ఆలోచించకు" అన్నారు. ఈ చివరి మందు అన్నిటికన్న చవక. దాన్ని ఎలా వేసుకోవాలో మాత్రం ఎవ్వరూ చెప్పరు.

నవంబరు నాటికి నా బ్రతుకు ఇలా తయారయింది. రెండో అంతస్తు క్లాసులు బతిమాలి ఇతరులకు ఇచ్చి, క్రింది గదులు పుచ్చుకున్నాను. బస్సు ఎక్కడం మానేశాను. పెళ్ళికి వెడితే గుమ్మం ప్రక్క కుర్చీ వెతుక్కునేదాన్ని. బి.పి. చూచే యంత్రం కొనిపించి, పూటకు నాలుగుసార్లు చూచుకునేదాన్ని. చూచుకున్నకొద్దీ అది పెరిగేది; పెరిగినకొద్దీ చూచుకునేదాన్ని.

ఇంతవరకు ఇదంతా నా ఒక్కదాని గొడవే అనుకున్నాను. ఒకనాటి రాత్రి మెలకువ వచ్చి కళ్ళు తెరిస్తే, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నా ప్రక్కన కూర్చుని, నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. ఊపిరి ఆడుతోందా లేదా అని! "ఎన్నాళ్ళనుంచి చూస్తున్నావే?" అని అడిగాను. "రోజూ చూస్తానమ్మా" అన్నది. అప్పటికి పక్షం రోజులుగా ఆ పిల్ల బడికి వెళ్ళేవేళకు కడుపునొప్పి అంటోంది. మేము బయటి తిండి మీద తప్పు పెట్టి ఊరుకున్నాం.

మర్నాడే మా కుటుంబ వైద్యురాలిని అడిగి, ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర సమయం తీసుకున్నాను. అక్కడ తెలుసుకున్నదీ, ఆ తరువాత పుస్తకాలలో చదువుకున్నదీ నలుగురికీ చెబితే, నాలాగా మూడు ఆస్పత్రులు తిరిగే శ్రమ ఒకరిద్దరికైనా తప్పుతుందేమోనని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మాటలకు కరవు లేదు

భయానికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. చీకట్లో పిల్లవాడికి కలిగేది బెదురు. పదిమందిలో మాట్లాడడానికి కలిగేది జంకు. దూరాన ఉన్న కొడుకును తలుచుకుంటే కలిగేది బెంగ. ఫలితాలు వచ్చే ఉదయాన ఆదుర్దా. రైలు కదిలిపోతుంటే కంగారు. కారణం ఇదని చెప్పలేకపోయినా సాయంకాలాలు గుండెలో కూర్చునేది గుబులు. ఇన్ని మాటలు పుట్టించుకున్న జాతికి ఈ బాధ కొత్తదంటే ఎవరు నమ్ముతారు?

వైద్యులు వాడే మాట ఆందోళన. సంస్కృతంలో ఆ మాటకు ఊగడం అని అర్థం. డోల అంటే ఉయ్యాల. ఈ పేరు పెట్టినవారెవరోగాని అనుభవించే పెట్టి ఉంటారు. భయానికి ఎదురుగా ఒక వస్తువు ఉంటుంది: కుక్క ఉంది, భయపడ్డాం, కుక్క వెళ్ళిపోయింది, భయమూ పోయింది. ఆందోళనకు ఎదురుగా ఏమీ ఉండదు. "ఒకవేళ ఇలా అయితే?" అని ఇటు ఊగుతుంది, "ఒకవేళ అలా అయితే?" అని అటు ఊగుతుంది. రేపటి సంగతి కనుక ఆ ప్రశ్నకు ఈ రోజున జవాబు ఉండదు. ఉయ్యాల ఆగదు.

ఒంట్లో జరిగేది

మా సైకాలజిస్టుగారు మొదటిరోజున నాకు చెప్పిన సంగతి ఇది. మన మెదడు లోపల బాదంపప్పు ఆకారంలో ఒక చిన్న భాగం ఉంది. దాని పేరు అమిగ్డలా. గ్రీకు భాషలో ఆ మాటకు బాదంపప్పు అనే అర్థం. ఇంటి కాపలా దానిది. ప్రమాదం వాసన తగిలిందంటే చాలు, విచారణ చేయకుండానే గంట కొడుతుంది. వెంటనే మూత్రపిండాల మీద టోపీల్లాగా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. పరుగెత్తడానికి కావలసిన పెద్ద కండరాలకు రక్తం మళ్ళుతుంది. అందుచేత చేతులు చల్లబడతాయి. అరుగుదల పని ఆగుతుంది. అందుచేత నోరు ఎండుతుంది, కడుపులో తిప్పుతుంది. ఒళ్ళు చల్లబరచడానికి చెమట పడుతుంది. ఊపిరి జోరుగా తీయడం వల్ల రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. అందుచేత తల తేలిపోతుంది, వేళ్ళూ పెదవులూ తిమ్మిరెక్కుతాయి.

పోరాడడానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ సన్నాహాన్ని అమెరికాలో వాల్టర్ కానన్ అనే శాస్త్రజ్ఞుడు పరిశోధించి 1915లో పుస్తకంగా వ్రాశాడు. అడవిలో పులి ఎదురైతే ఈ సన్నాహమే మనిషిని బ్రతికించింది. కాకపోతే ఆ కాపలాదారుకు పులికీ, పరీక్ష పేపరుకూ, బాంకు నుంచి వచ్చిన ఉత్తరానికీ తేడా తెలియదు. అన్నిటికీ ఒకటే గంట.

మన వేదాంతులు చెప్పే ఉపమానం ఒకటి అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. మసక వెలుతురులో దారిలో పడి ఉన్న త్రాడును చూచి పామనుకుంటాడు ఒకడు. పాము లేదు, నిజమే. కాని వాడి గుండె దడ అబద్ధమా? ఒంటికి పట్టిన చెమట అబద్ధమా? పాము అబద్ధమైనా భయం నిజం. "నీకేమీ లేదు" అన్న డాక్టర్లు త్రాడును గురించి చెప్పారు. నేను భయాన్ని గురించి అడుగుతున్నాను. అందుకే మాకు పొత్తు కుదరలేదు.

ఇంకొక మాట. అసలు ఆందోళనే లేకపోతే మంచిదనుకోవద్దు. కొంచెం ఆదుర్దా లేనివాడు పరీక్షకు చదవడు. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడడు. యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు 1908లోనే ఎలుకల మీద ప్రయోగాలు చేసి, ఉద్రేకం ఒక హద్దువరకు నేర్పును పెంచుతుందనీ, కష్టమైన పనులలో ఆ హద్దు దాటితే చెడగొడుతుందనీ గమనించారు. కూరలో ఉప్పులాంటిదన్నమాట.

ఎప్పుడు జబ్బు అనాలి?

ఉప్పు ఎక్కువైన సంగతి తెలుసుకోవడం ఎలా? నిద్ర పట్టకపోవడం, పట్టినా మూడు గంటలకే మెలకువ రావడం. చీటికీ మాటికీ చిరాకు. మెడా భుజాలూ పట్టేసినట్లుండడం. చదివిన వాక్యమే మళ్ళీ చదవవలసిరావడం. డబ్బు, పిల్లలు, ఆరోగ్యం, ఆఫీసు, ఒకదాని తరువాత ఒకటిగా చింత మారుతూ ఉండడమే తప్ప తీరకపోవడం - ఇవి ఆరు నెలలకు పైగా, ఎక్కువ రోజులు ఉంటూ వస్తే దాన్ని వైద్యులు సాధారణ ఆందోళన రుగ్మత అంటారు. నాకు వచ్చినట్లు ఉన్నట్టుండి తుఫానులా వచ్చి, కొద్ది నిముషాలలో పతాకస్థాయికి చేరి, తరువాత తగ్గిపోయేదాన్ని పానిక్ ఎటాక్ అంటారు. పదిమంది చూస్తారేమోనని పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళలేనిది ఒకటి. లిఫ్టు, బల్లి, సూది, ఎత్తు - ఇలా ఒక్కదానికే బెదిరిపోయేది మరొకటి.

వీటన్నిటికీ సామాన్యమైన గుర్తు ఒకటి ఉంది. మనిషి మానుకోవడం మొదలుపెడతాడు. బస్సు మానేస్తాడు, తరువాత బజారు మానేస్తాడు, తరువాత స్నేహితులను మానేస్తాడు. మానుకున్న ప్రతిసారీ ఆ క్షణానికి హాయిగా ఉంటుంది. ఆ హాయే వల. బ్రతుకు గదులు ఒక్కొక్కటే తాళం పడిపోయి, చివరకు వంటింటి మూల ఒకటి మిగులుతుంది.

ఇది అరుదైన బాధ కాదు. 2019లో ప్రపంచం మొత్తంమీద 30 కోట్ల 10 లక్షలమంది ఆందోళన రుగ్మతలతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మానసిక రుగ్మతలలో ఎక్కువమందికి ఉన్నది ఇదేననీ, పురుషులకన్న స్త్రీలలో ఎక్కువనీ, ప్రతి నలుగురిలో ఒకరికి మాత్రమే చికిత్స అందుతోందనీ కూడా ఆ సంస్థే చెబుతోంది. మన దేశంలో 2015-16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు 12 రాష్ట్రాలలో జరిపిన సర్వేలో, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. మీ వీధిలో ఇళ్ళు లెక్కపెట్టుకోండి.

కౌన్సెలింగ్ అంటే?

మన తెలుగుదేశంలో ఈ మాటకు వచ్చిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఎంసెట్ రోజులనుంచీ కౌన్సెలింగ్ అంటే ఇంజనీరింగు సీటు పంచిపెట్టడం. తాగి బండి నడిపినవాణ్ణి పోలీసులు కూర్చోబెట్టి చీవాట్లు పెట్టినా పత్రికలలో కౌన్సెలింగే! "కౌన్సెలింగ్‌కు వెడుతున్నాను" అని చెబితే మా అత్తయ్యగారు "అమ్మాయికి అప్పుడే సీటా?" అని అడగడంలో ఆవిడ తప్పేమీ లేదు.

ఈ వ్యాసంలో ఆ మాటకు అర్థం వేరు. 1942లో అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త ఒక పుస్తకం ప్రచురించాడు. ఎదుటివాడికి సలహాలూ ఆజ్ఞలూ ఇవ్వడం కాదు, వాడి బాధను వాడి కన్నులతో చూడడం, తీర్పు చెప్పకుండా గౌరవించడం, తెచ్చిపెట్టుకున్న ముఖం లేకుండా నిజాయితీగా ఉండడం - ఇవి ఉంటే మనిషి తన దారి తానే వెతుక్కుంటాడని ఆయన వాదం. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే వైద్యుడు ఇంకొక సంగతి కనిపెట్టాడు. సంఘటనకూ దుఃఖానికీ మధ్య మెరుపులా ఒక తలపు దూరుతుంది. దాన్ని పట్టుకుని పరీక్షిస్తే దుఃఖం బలం తగ్గుతుందన్నాడు. ఈ నాటి కౌన్సెలింగ్‌లో ఎక్కువభాగం ఈ రెండు ఊటలనుంచి పారినదే.

సినిమాలు చూచి నేనేమేమో ఊహించుకున్నాను. సోఫా మీద పడుకోబెట్టలేదు. కళ్ళముందు గడియారం ఊపలేదు. రెండు కుర్చీలు, ఒక బల్ల, ఒక మంచినీళ్ళ సీసా. ఆవిడ ముందుగా నా ఇ.సి.జి. కాగితాలు చూచి, థైరాయిడ్ పరీక్ష చేయించారా అని అడిగింది. థైరాయిడ్ హెచ్చినా గుండె దడ, వణుకు, చెమట వస్తాయట. రోజుకు ఎన్ని కాఫీలు తాగుతారని అడిగింది. ఆరు అని చెప్పడానికి సిగ్గుపడి అయిదన్నాను.

"ఆ క్షణంలో మీ మనస్సులో మెదిలిన మాట ఏమిటండీ?" అన్నది.

"పోతున్నాను అని."

"అలా ఇంతవరకు ఎన్నిసార్లు అనుకున్నారు?"

"ఒక ఇరవైసార్లుంటుంది."

"ఎన్నిసార్లు పోయారు?"

మూడు నెలల తరువాత మొదటిసారిగా నవ్వు వచ్చింది.

తరువాత ఒక నోటుబుక్కు పెట్టించింది. మొదటి గడిలో జరిగిన సంగతి, రెండోదానిలో అప్పుడు వచ్చిన తలపు, మూడోదానిలో ఆ తలపుకు సాక్ష్యం, నాలుగోదానిలో ఎదురుసాక్ష్యం. "గుండె ఆగిపోతుంది" అనే నా వాక్యానికి మూడోగడిలో వ్రాయడానికి ఏమీ దొరకలేదు. నాలుగోదానిలో మూడు ఇ.సి.జి.లు దొరికాయి. ఏళ్ళ తరబడి పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, నా తలపులకు మాత్రం చదవకుండానే నూటికి నూరు వేస్తూ వచ్చానని అప్పుడు తెలిసింది.

చింతలకు ఒక వేళ పెట్టించింది. సాయంత్రం దీపం పెట్టిన తరువాత పావుగంటసేపు చింతించవచ్చు. మిగిలిన వేళలలో చింత వస్తే చీటీమీద వ్రాసి ఆ వేళకు వాయిదా వేయాలి. నవ్వులాటగా ఉన్నదనుకున్నాను. తీరా ఆ వేళకు చీటీ తీసి చూస్తే, సగం చింతలు చల్లారిపోయి ఉండేవి.

ఊపిరి సంగతి కూడా చెప్పింది. నాలుగు లెక్కపెట్టేంతసేపు తీసుకుని, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. వదలడం పొడుగైతే గుండె నెమ్మదిస్తుంది. ఇది తుఫాను వచ్చినప్పుడు మాత్రమే పనికివచ్చే ఆయుధమనుకుని అట్టిపెట్టుకోకుండా, రోజూ రెండుపూటలా సాధన చేయాలి. ఈత నేర్చుకోవడానికి గోదావరి పొంగు సమయం కాదుగదా!

కుందేలు కథ

అన్నిటికన్న కష్టమైనది, అన్నిటికన్న ఎక్కువ పనిచేసినది మరొకటి. దాని వెనుక ఒక ముద్దు కథ ఉంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్న పిల్లవాడి వృత్తాంతం ప్రచురించింది. పిల్లవాడు తనకిష్టమైన తినుబండారం తింటూ కూర్చున్నప్పుడు కుందేలును పంజరంలో పెట్టి గది చివర ఉంచేవారు. మరికొన్నాళ్ళకు కాస్త దగ్గరగా. ఇంకొన్నాళ్ళకు ఇంకా దగ్గరగా. చివరకు ఆ కుందేలు తన వేళ్ళు కొరుకుతున్నా వాడు జంకలేదట. 1958లో దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్ప్ ఈ మెట్టు మెట్టు పద్ధతిని శాస్త్రంగా చేసి పుస్తకం వ్రాశాడు.

నా కుందేలు నా గుండె చప్పుడే. అది వేగంగా కొట్టుకుంటే చాలు, చావనుకునేదాన్ని. గుండెకు దోషం లేదని డాక్టరు చేత నిర్ధారణ చేయించుకున్న తరువాత, ఆవిడ నన్ను మెట్లు గబగబా ఎక్కమన్నది! ఎక్కాను. గుండె కొట్టుకుంది. కూర్చున్నాం. నాలుగు నిముషాలలో నెమ్మదించింది. మళ్ళీ ఎక్కాను. పది రోజులకు ఆ చప్పుడు వట్టి చప్పుడయింది. తరువాత బి.పి. యంత్రాన్ని బీరువాలో పెట్టించింది. తరువాత పెళ్ళిపందిట్లో మధ్య వరసలో కూర్చోమన్నది. తరువాత తోడు లేకుండా బస్సు. ఆఖరుకు రెండో అంతస్తు గది.

నాలుగోవారంలో ఒక సంగతి బయటపడింది. మా డిపార్టుమెంటులో పదకొండేళ్ళు నాతో ఒకే బల్ల పంచుకున్న స్నేహితురాలు 2021 మే నెలలో కరోనాతో పోయింది. ఆస్పత్రిలో చేరేముందు నాకు ఫోను చేసింది. నేను ఆన్‌లైను పాఠంలో ఉండి, తరువాత మాట్లాడదాములే అని ఊరుకున్నాను. తరువాత లేకుండాపోయింది. ఈ సంగతి మావారితో కూడా అనలేదు. ఆ కుర్చీలో కూర్చుని అంటూ ఉంటే, నేను ఆగస్టులో పాఠం చెబుతూ ఆగిపోయిన గది ఆవిడ చివరిసారి పాఠం చెప్పిన గదేనని నాకే స్ఫురించింది. సైకాలజిస్టుగారు ఓదార్పు వాక్యాలేవీ పలకలేదు. చాలాసేపు ఊరుకుని, "ఆవిడ పేరేమిటండీ?" అని మాత్రం అడిగింది. ఆ రోజు నేను ఏడ్చినంత, ఆవిడ పోయిననాడు కూడా ఏడవలేదు.

కృష్ణుడు చేసిన పని

ఈ విద్య పాశ్చాత్యులదనీ మనకు అక్కరలేదనీ అనేవారికి ఒక మనవి. భగవద్గీత మొదటి అధ్యాయం తీసి, అర్జునుడు తన స్థితిని చెప్పుకున్న చోటు చూడండి: కాళ్ళూ చేతులూ పట్టు తప్పాయి, నోరు ఎండింది, ఒళ్ళు వణికింది, రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చర్మం మండింది, గాండీవం జారింది, తల తిరిగింది. ఈనాటి వైద్యుల పట్టికలో ఇందులో చాలా భాగం ఉంటుంది. పిరికివాడా అర్జునుడు?

అప్పుడు కృష్ణుడు చేసిన మొదటి పని, అర్జునుడు చెప్పినదంతా అడ్డురాకుండా వినడం. రెండో అధ్యాయం మొదట్లో, నీకిది తగదు, లేచి నిలబడు అని కొంచెం మందలించి చూస్తాడు. మనమందరం చేసేది అదే. అది పనిచేయలేదు! నేను యుద్ధం చేయనుగాక చేయనని అర్జునుడు మౌనం పట్టాడు. అప్పుడుగదా అసలు సంభాషణ మొదలయింది! ప్రశ్నలూ సందేహాలూ అన్నీ అడగనిచ్చి, పద్దెనిమిదో అధ్యాయంలో అంతా చెప్పిన తరువాత కూడా, బాగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చేయి అంటాడు. మంచి కౌన్సెలరు చేసేది కూడా అంతకు మించి లేదు. త్రాడును చూచి దడిసినవాణ్ణి "పామెక్కడుందిరా" అని వెక్కిరించడు. దీపం వాడి చేతికే ఇచ్చి, ప్రక్కన నడుస్తాడు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

గుండెలో నొప్పి, ఆయాసం మొదటిసారి వచ్చినప్పుడు అది ఆందోళనే అని మీరే తీర్మానించుకోవద్దు. ముందు డాక్టరు చూడాలి. శరీరంలో దోషం లేదని తేలిన తరువాతనే ఈ దారి.

సైకియాట్రిస్టు మందులు ఇచ్చే వైద్యుడు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో, సాధనలతో చికిత్స చేస్తారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదయ్యారా అని అడగడం మన హక్కు, అడగడంలో అమర్యాద లేదు. కొందరికి మాటలు చాలుతాయి. కొందరికి మందులు కూడా కావాలి. ఆ మందులలో కొన్ని పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మనంతట మనం మానకూడదు. ప్రక్కింటివారికి పనిచేసిందని నిద్రమాత్ర తెచ్చుకుని మింగడం అంతకన్న ప్రమాదం. వాటిలో కొన్ని అలవాటుగా మారి వదలవు.

ఖర్చుకు వెనుకాడేవారు తెలుసుకోవలసినవి ఉన్నాయి. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం టెలిమానస్ అనే సేవ ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రింబగళ్ళు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు, రుసుము లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, శారీరక వ్యాధులకు మల్లేనే మానసిక వ్యాధుల చికిత్సకు కూడా బీమా కంపెనీలు బీమా సౌకర్యం కల్పించాలి. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం మీద నడిచిన కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమందికి తక్కువకాకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హతగల కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సోషల్ వర్కరునో నియమించుకోవాలని ఆదేశించింది. మీ పిల్లల కాలేజీలో ఆ మనిషి ఉన్నారో లేదో ఒక్కసారి అడిగి చూడండి. ఫీజు కట్టేచోట అడిగితే ఇంకా మంచిది.

బ్రతకాలని లేదనే మాట ఇంట్లో ఎవరి నోటనైనా వినిపిస్తే మాత్రం వారం వర్జ్యం చూడవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే సహాయం అందించాలి.

ఇంటివారికి నాలుగు మాటలు

"అదంతా నీ మనస్సులోనే ఉంది" అనవద్దు. మనస్సులో ఉంటే లేనట్లా? పంటినొప్పి పంటిలోనే ఉంటుంది. ఉన్నచోటనే గదా చికిత్స! "నీకేం తక్కువ?" అనవద్దు. తక్కువ ఉన్నవాళ్ళకే వస్తుందని ఏ శాస్త్రంలోనూ లేదు. రోజుకు యాభైసార్లు "ఏమీ కాదులే" అనడం కూడా ఉపకారం కాదని మావారికి ఆవిడే చెప్పింది. ఆ మాట వినకుండా నిమిషం గడవని స్థితికి మనిషి వస్తాడు. దానికి బదులు "కష్టంగా ఉన్నట్లుంది, నేనిక్కడే ఉన్నాను" అంటే చాలును. వినండి. వైద్యం దగ్గరికి మొదటిసారి తోడు వెళ్ళండి. ఎర్రగడ్డ అనీ చినవాల్తేరు అనీ ఇంట్లో హాస్యాలాడడం మానండి. ఆ హాస్యాల వల్లనే మనలో చాలామంది ఆ గుమ్మాలు తొక్కరు.

నేను పదకొండు వారాలు వెళ్ళాను. 2023 మార్చిలో తిరిగి రెండో అంతస్తు గదిలో పాఠం చెప్పాను. ముందు నా స్నేహితురాలి పేరు పిల్లలకు చెప్పి, ఆవిడ ఇక్కడే మీ సీనియర్లకు పాఠం చెప్పేదని అన్నాను. ఆగిపోయిన పద్యం దగ్గరే మొదలుపెట్టాను. మధ్యలో గుండె ఒకమాటు గట్టిగా కొట్టుకుంది. కొట్టుకోనిచ్చాను. పద్యం పూర్తయింది.

ఇప్పటికీ అది అప్పుడప్పుడు చుట్టంలా వస్తుంది. పీట వేస్తాను, కాఫీ మాత్రం ఇవ్వను, కాసేపుండి వెళ్ళిపోతుంది. కాఫీలు నాక్కూడా ఇప్పుడు రెండే.

మా అమ్మాయితో కూడా ఆ సైకాలజిస్టుగారు మూడుసార్లు మాట్లాడింది. కడుపునొప్పి ఎందుకు వచ్చేదో పిల్లే చెప్పుకుంది. పరీక్షలు వ్రాసింది, మార్కులు ఎన్నని నన్ను అడగకండి, అవి మాకు రెండో సంగతి. మొదటి సంగతి ఏమిటంటే, ఆ ఏప్రిలు నెలలో ఒకనాటి రాత్రి నాకు మెలకువ వచ్చి ప్రక్కకు తిరిగి చూచాను. నా ముక్కు దగ్గర ఏ వేలూ లేదు. పిల్ల నోరు తెరుచుకుని, దుప్పటి తన్నేసి, గాఢంగా నిద్రపోతోంది.